ప్రశ్నలు వరంగల్‌వి, పరిశోధన ఎవరిది?

విత్తనాల దుకాణం ముందు నిలబడ్డ రైతు ఫలానా ప్యాకెట్టే ఎందుకు అడుగుతాడు? వినడానికి చిన్న ప్రశ్న. దాన్ని పట్టుకునే గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా మానవ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వరంగల్ పల్లెలకు వచ్చి వెళ్లారు. 1997-98లో పొగాకు లద్దె పురుగు పత్తిని తినేసింది. అప్పులు మీదపడ్డ రైతులు ఈ జిల్లాలో వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇక్కడి చేలు బీటీ విత్తనానికి మారిపోయాయి. ఈ మార్పు రైతు సొంత అనుభవంతో వచ్చిందా, నలుగురినీ చూసి వచ్చిందా అన్నది స్టోన్ తేల్చుకోవాలనుకున్న విషయం. 2007లో ‘కరెంట్ ఆంత్రపాలజీ’ పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసం శీర్షికలోనే వరంగల్ పేరు ఉంది.

రైతు తన చేను చూసి కొంత, పక్క చేను చూసి కొంత నేర్చుకుంటాడు. ఏటా కొత్త కొత్త పేర్లతో విత్తనాలు మార్కెట్లోకి దిగుతుంటే, నిరుడు వేసిన రకం ఈ ఏడు దొరకకపోతే, సొంత చేను నేర్పిన పాఠం అక్కరకు రాదు. ఇక మిగిలేది పక్కవాడిని చూసి వేయడమే. ఒక ఊరు ఊరంతా ఒక ఏడాది ఒకే రకం కోసం ఎగబడి, రెండేళ్లు తిరక్కుండానే దాన్ని వదిలేయడం స్టోన్ లెక్కల్లో స్పష్టంగా కనిపించింది. తరతరాలుగా కూడబెట్టుకున్న సేద్యపు నేర్పు రైతు చేతుల్లోంచి జారిపోతోందని ఆయన నిర్ధారణకు వచ్చారు. ఆయన విశ్వవిద్యాలయంలోనే పీహెచ్‌డీ చేసిన ఆండ్రూ ఫ్లాక్స్ తెలంగాణ పల్లెల్లో ఉండి, బీటీ పత్తి రైతులనూ సేంద్రియ పత్తి రైతులనూ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఆ పని 2019లో పుస్తకంగా వచ్చింది.

వాళ్లు రావడం వల్ల వరంగల్‌కు మేలే జరిగింది. పత్తి రైతు కష్టం వెనక విత్తన మార్కెట్ గందరగోళం ఉందని సాక్ష్యాలతో ప్రపంచానికి చూపినవారిలో వాళ్లున్నారు. అయితే, అలా వచ్చే పరిశోధక విద్యార్థికి నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, క్షేత్ర పర్యటనకు గ్రాంటు ఉంటుంది, ఊళ్లో నెలల తరబడి కూర్చునే తీరిక ఉంటుంది, అదే అంశం మీద జీవితం వెచ్చించిన గైడ్ ఉంటారు. ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి తోలే ఇంట్లో పుట్టి కాకతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరిన విద్యార్థికి భాష వచ్చు. నేల తెలుసు. ఏ షావుకారు ఎంత వడ్డీకి అప్పిచ్చాడో తెలుసుకోవడానికి సర్వే ఫారం అక్కర్లేదు, ఇంట్లోనే విన్నాడు. లేనివల్లా పైన చెప్పిన ఆ నాలుగే. వరంగల్‌లో పరిశోధన మీద ఆసక్తికి ఎన్నడూ కొదవ రాలేదు. ఆ ఆసక్తిని ఐదారేళ్లు నిలబెట్టే ఏర్పాటు కరువైంది.

సంస్థలకూ ఇక్కడ కొదవ లేదు. 1959 అక్టోబర్ 10న నెహ్రూ ఇక్కడ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుసలో అదే మొదటిది. 2002లో అది నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లోనే మొదలైంది. ఉస్మానియా నడిపిన పీజీ కేంద్రం 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయంగా మారింది. తెలుగు విశ్వవిద్యాలయం తన జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని ఈ ఊళ్లోనే పెట్టింది. వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. పక్కనే ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఇంజనీరు, వైద్యుడు, ఫార్మసిస్టు, జానపద పరిశోధకుడు, పురుగుల శాస్త్రవేత్త ఒకే సిటీ బస్సులో తారసపడగల ఊరు ఇది.

ఈ గడ్డకు పరిశోధన కొత్త కాదు. వరంగల్ జిల్లా దేవనూరులో 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పీహెచ్‌డీకి పూనుకున్నారు. సాహిత్య పరిశోధన అంటే ప్రబంధాలు, పురాణాలు, కవికాల నిర్ణయాలు అన్న భావన బలంగా ఉన్న రోజులవి. నాట్లేసే కూలీల పాట, దంపుళ్ల పాట, బతుకమ్మ పాట డాక్టరేట్ స్థాయి అంశాలేనని ఆయన తన పనితో రుజువు చేశారు. ఊళ్లు తిరిగి పాటలు సేకరించి, 1950ల మధ్యలో పట్టా అందుకున్నారు. తెలుగులో జానపద విజ్ఞానం విశ్వవిద్యాలయాల గడప తొక్కింది ఆ సిద్ధాంత గ్రంథంతోనే అన్నా తప్పు లేదు. ఆ తర్వాత నాయని కృష్ణకుమారి జానపద గేయగాథల మీద పనిచేశారు. ఇంకెందరో ఆ దారిన వచ్చారు.

ఆ దారిలో ఇప్పటికీ తవ్వని చోట్లు ఎన్నో ఉన్నాయి. వరంగల్, జనగామ, సిద్దిపేట ప్రాంతాల్లో ఒక్కో కులానికి ఒక్కో కథకుల వర్గం ఉంది. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు, గొల్లలకు బొమ్మలు నిలబెట్టి కథ నడిపే మందహెచ్చులవారు. పటం కథలవారి పటాలు చేర్యాల నకాషీ చిత్రకారుల చేతి గీత. ఒక్కో పటం విప్పితే ముప్ఫై నలభై అడుగులు సాగుతుంది. కథకుడు కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ, పాటకూ మాటకూ మధ్య తిరుగుతూ, రాత్రుల తరబడి కథ లాగుతాడు. పంటలు ఇంటికొచ్చాక మిరాశీ ఉన్న ఊళ్లకు వెళ్తారు, ఏ మేళానికి ఏ ఊళ్లో హక్కుందో కథకులకు లెక్క ఉంటుంది. ఈ కథల్లో కులాల పుట్టుక గురించి శూద్రులు, దళితులు తమకు తాము చెప్పుకున్న చరిత్ర ఉంది. రాజుల శాసనాల్లో దొరకని చరిత్ర అది.

ఇలాంటి ఒక ప్రదర్శనను మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయాలి. మాట మాటా రాసుకోవాలి. మరో మేళం అదే కథను ఎలా చెబుతుందో విని పోల్చాలి. కథకుడి ఇంట్లో కూర్చుని అతని తండ్రి ఎలా చెప్పేవాడో అడగాలి. ఇది ఒక సీజన్‌లో తేలే పని కాదు. బస్సు చార్జీలకు, మేళానికి ఇచ్చే సంభావనకు చేతిలో డబ్బుండాలి. అవి లేని విద్యార్థి ఏం చేస్తాడు? ఇదివరకు అచ్చయిన పాఠాలు ముందేసుకుని, అధ్యాయాలు విభజించి, ‘సమగ్ర పరిశీలన’ రాసి సబ్మిట్ చేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. కానీ ఆ లోగా ఒక ముసలి కథకుడు పోతాడు, ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతుంటాడు, కథ అక్కడితో తెగిపోతుంది. జానపద పరిశోధనలో ఆలస్యానికి చెల్లించే మూల్యం ఇది, తర్వాత ఎంత గ్రాంటు వచ్చినా తిరిగి రానిది.

చరిత్ర పరిశోధనలో కొంత మెరుగు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి పురావస్తు శాఖలో ఉద్యోగం చేస్తూనే కాకతీయుల శాసనాలను ఔపోసన పట్టి పీహెచ్‌డీ చేశారు. ఆ గ్రంథాన్ని 1978లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది. నేటికీ కాకతీయుల మీద మాట్లాడేవారు ఆ పుస్తకం తెరవకుండా ముందుకు పోలేరు. అమెరికా పరిశోధకురాలు సింథియా టాల్బట్ అవే శాసనాలను మరో ప్రశ్నతో చదివారు. దానాలు ఇచ్చినవాళ్లెవరు, తమను తాము ఏమని చెప్పుకున్నారు, వాళ్లలో మహిళలు ఎంతమంది, పశువుల కాపరులు ఎంతమంది? ఆ లెక్కల్లోంచి, మనం పాఠాల్లో చదువుకున్న బిగుసుకున్న కులసమాజం కంటే చాలా చలనం ఉన్న సమాజం బయటపడింది. 2001లో వచ్చిన ఆమె పుస్తకం కాకతీయ యుగం గురించిన ఆలోచననే మార్చింది. ఇద్దరి ముందూ ఉన్నవి అవే రాళ్లు. మారింది ప్రశ్న. పరిశోధనలో ఆసక్తి అంటే సరిగ్గా ఇదే. కొత్త ప్రశ్న వేయడం నేర్పే గైడ్, ఆ ప్రశ్న వెంట నడిచే సమయం దొరికితే హనుమకొండలో ఎం.ఏ. చదివిన పిల్ల కూడా వేయిస్తంభాల గుడి శాసనం ముందు నిలబడి కొత్త ప్రశ్న వేయగలదు.

రామప్ప విషయానికి వద్దాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఆ గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోసం ఏళ్లపాటు పనిచేసిన కాకతీయ హెరిటేజ్ ట్రస్టులో నిట్‌లో పనిచేసి రిటైరైన ఆచార్య పాండురంగారావు ముఖ్యులు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఒక ఆచార్యుడు ఎనిమిది వందల ఏళ్ల కిందటి పునాదిని శాస్త్రంగా చదివారు. ఇసుక నింపిన గుంతను పరుపుగా చేసి దాని మీద గుడిని నిలబెట్టిన తీరును శాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నారు. భూమి కదిలినప్పుడు ఆ ఇసుక కుదుపును మింగేస్తుంది. గోపురంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. కాల్చేటప్పుడు మట్టిలో కలిపిన సేంద్రియ పదార్థం కాలిపోయి సన్నని గుల్లలు మిగలడం వల్ల అవి అంత తేలికయ్యాయని పరిశోధకులు చెబుతారు. బరువు తగ్గించిన గోపురం, కుదుపును మింగే పునాది. ఇది చరిత్ర పాఠమా, సివిల్ ఇంజనీరింగా, రసాయన శాస్త్రమా? మూడూ. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచినప్పుడు కూడా ఈ మూడు విద్యలూ కలిస్తేనే పని జరిగింది.

ఇంత దగ్గర్లో ఇన్ని విద్యలు ఉండీ, నిట్‌లో నల్లరేగడి నేలల ఉబ్బు మీద పనిచేసే స్కాలర్‌కూ, కాకతీయలో కాకతీయుల కట్టడాల మీద పనిచేసే స్కాలర్‌కూ పరిచయం కూడా ఉండదు. ఒకరిది కేంద్ర సంస్థ, మరొకరిది రాష్ట్ర విశ్వవిద్యాలయం. మధ్యలో దూరం కొద్ది కిలోమీటర్లే. వేరే సంస్థలోని అధ్యాపకుడిని సహ పర్యవేక్షకుడిగా పెట్టుకోవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు ఒప్పుకుంటాయి. అడ్డం ఉన్నది అలవాటు ఒక్కటే.

రెండు క్యాంపస్‌ల మధ్య అసలు తేడా నెల మొదటి వారంలో తెలుస్తుంది. నిట్‌లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరిన విద్యార్థికి కేంద్ర విద్యాశాఖ నిధులతో నెలనెలా స్టైపెండ్ వస్తుంది. కాకతీయలో చేరిన విద్యార్థి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42,000. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్‌లు కొన్ని ఉన్నాయి, అవీ పోటీలో గెలిచినవారికే. మైనారిటీ విద్యార్థులకున్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 చివర్లో కేంద్రం ఆపేసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ అర్హత లేని పరిశోధకుడికి కనీసం నెలకు 8,000 రూపాయలు ఇస్తారు. 2015లో దాన్ని ఎత్తేయాలని యూజీసీ అనుకున్నప్పుడు ఢిల్లీలో విద్యార్థులు వారాల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. ఆ ఎనిమిది వేలు రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి లేవు. అందుకే అతను పొద్దున ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు క్లాసులు తీసుకుంటాడు, మిగిలిన రాత్రి సిద్ధాంత గ్రంథం రాసుకుంటాడు. ఎంచుకునే అంశం కూడా ఆ రాత్రికి సరిపోయేంతే ఉంటుంది.

సామాజిక శాస్త్రాల్లో ‘వరంగల్ జిల్లా – ఒక అధ్యయనం’ అని ముగిసే శీర్షికలు సిద్ధాంత గ్రంథాల శోధ్‌గంగ భాండాగారంలో వరుసగా కనిపిస్తాయి. స్వయం సహాయక సంఘాలు, ఉపాధి హామీ, పంచాయతీల్లో మహిళలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు. వీటిని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, అది సబబు కాదు. జిల్లా స్థాయి అధ్యయనమే లేకపోతే ప్రభుత్వ పథకం ఊళ్లో ఏమైందో చెప్పేవాళ్లు ఉండరు. లోపం అంశంలో లేదు. రెండు మండలాలు, వంద ప్రశ్నావళులు, శాతాల పట్టికలు, చివర సూచనలు అన్న మూసలోకి ఆ అంశాన్ని కుదించడంలో ఉంది. స్టోన్ చేసిన పని కూడా ఒక జిల్లా అధ్యయనమే. ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లి, అవే కుటుంబాలను ఏటా అడగడం వల్ల అది ప్రపంచం చదివే పరిశోధన అయింది.

మిరప దగ్గరికి వస్తే ఈ అవసరం ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. 2021-22 సీజన్‌లో వరంగల్, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి చేలల్లో మిరప పూత ఉన్నట్టుండి రాలిపోయింది. పూవు విప్పి చూస్తే లోపల నల్లటి సన్నని పురుగులు కుప్పలుగా ఉన్నాయి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనిపించింది. పూవు లోపల దాగి ఉండడంతో పైన కొట్టే మందు దానికి తగలదు. రైతులు మందు మీద మందు కొట్టారు, పెట్టుబడి పెరిగింది, పూత నిలబడలేదు. ఎకరాలకు ఎకరాలు దున్నేసుకున్నవాళ్లున్నారు. ఇలాంటి పురుగు ఏ నెలలో వస్తుంది, మిరప లేని రోజుల్లో ఎక్కడ తలదాచుకుంటుంది, దాన్ని తినే మిత్ర పురుగు ఏది, ఏ మందుకు తట్టుకునే శక్తి పెంచుకుంది అన్నవి ఒక్కోటీ ఒక్కో పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్నలు. జవాబు కోసం ఎదురుచూసేవాళ్లు ఎనుమాముల యార్డులో బస్తాల మీద కూర్చుని ఉన్నారు.

పరిశోధన అక్కరకొచ్చిన ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటాలా గుండ్రంగా, కారం తక్కువగా, ఎర్రరంగు దండిగా ఉండే కాయ అది. తిమ్మంపేట రైతు ఉత్పత్తిదారుల సంస్థ చేసిన దరఖాస్తుకు మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం అండగా నిలిచింది. అలాంటి దరఖాస్తుకు ఆ రకం ఎంతకాలంగా సాగులో ఉందో, రంగు ఎంతో, కారం ఎంతో కాగితం మీద రుజువు కావాలి. రైతుకు తెలిసినదాన్ని ప్రయోగశాల భాషలోకి మార్చే పని అది. విద్యార్థి చేతుల్లో పెట్టదగిన పని.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎండీ, ఎంఎస్ చేసే వైద్యులూ మూడేళ్ల చదువులో ఒక థీసిస్ రాయాలి. పురుగు మందు తాగి, పాము కాటుకు గురై ఉత్తర తెలంగాణ అంతటి నుంచి రాత్రీపగలూ వచ్చే కేసులు వాళ్ల కళ్ల ముందే ఉంటాయి. కాకతీయ ఫార్మసీ కళాశాల కథ వేరు. కడుపులో తేలుతూ మెల్లగా మందు వదిలే మాత్రలు, నీళ్లలో కరగని మందును ఒంటికి పట్టించే సూక్ష్మ కణాలు వంటి అంశాల మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. హైదరాబాద్ ఔషధ కంపెనీల్లో ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా ఆ విద్యార్థులకు ఉంది. ఉపాధి కళ్ల ముందు కనిపించే చోట పరిశోధన ఎంత చురుగ్గా సాగుతుందో చెప్పడానికి ఇది చాలు. తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల విద్యార్థికి ఆ భరోసా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఆ నియామకాలు పదేళ్లకు పైగా పడకేశాయి.

నియామకాలు ఆగిపోతే పాఠాలు చెప్పేవాళ్లు తగ్గడంతో సరిపోదు, పరిశోధన సీట్లూ తగ్గిపోతాయి. యూజీసీ లెక్క ప్రకారం ప్రొఫెసర్ ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండొచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోరాదు. కాంట్రాక్టు అధ్యాపకులు గైడ్ కాలేరు. ఒక శాఖలో ప్రొఫెసర్ రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉంటే ఎనిమిది సీట్లు ఎగిరిపోయినట్టే. ఇద్దరో ముగ్గురో మిగిలిన శాఖలో విద్యార్థి తనకు నచ్చిన అంశం తీసుకోవడం ఎలా కుదురుతుంది? ఉన్న గైడ్‌కు ఏది తెలిస్తే అది తీసుకుంటాడు. ఆదివాసీ భాషల మీద పనిచేయాలనుకున్న అమ్మాయి ఆధునిక నవల మీద, చెరువుల చరిత్ర రాయాలనుకున్న అబ్బాయి సంక్షేమ పథకాల మీద స్థిరపడతారు.

సీట్లు ఇంత తక్కువైనప్పుడు అవి ఎవరికి దక్కాయన్న అనుమానాలు రాజుకోవడం సహజం. 2023 సెప్టెంబర్‌లో కాకతీయ పీహెచ్‌డీ ప్రవేశాల్లో అక్రమాలు జరిగాయని ఆరోపిస్తూ విద్యార్థి సంఘాలు ఆందోళనకు దిగాయి. అరెస్టులు, దీక్షలు, వరంగల్ బంద్ దాకా వెళ్లింది. ఆ ఆరోపణల నిజానిజాలు అటుంచితే, పరిశోధన సీటు కోసం ఊరు బంద్ అయిందంటే ఆ సీటు ఇక్కడి పేద ఇళ్లకు ఎంత విలువైనదో అర్థం చేసుకోవాలి. చాలా ఇళ్లలో పీహెచ్‌డీ గడప తొక్కే మొదటి మనిషి ఆ విద్యార్థే.

మారుతున్న నిబంధనలు కూడా అతన్ని సతాయిస్తున్నాయి. యూజీసీ 2022 నవంబర్ నిబంధనలతో ఎంఫిల్ పోయింది. పరిశోధన అంటే ఏమిటో ఒకటి రెండేళ్లు నేర్చుకుని అప్పుడు పీహెచ్‌డీకి వెళ్లే మెట్టు అది. పట్టణాల్లోని పెద్ద సంస్థల్లో డిగ్రీ చదివినవారికి ఆ మెట్టు లేకున్నా సరిపోవచ్చు, నర్సంపేటలోనో పరకాలలోనో డిగ్రీ చేసి వచ్చినవారికి అది అవసరమే. పత్రికల్లో వ్యాసాలు అచ్చయి తీరాలన్న షరతు తీసేయడం మంచిదే, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే నకిలీ జర్నళ్ల బారి నుంచి కొంత ఊరట దొరికింది. మహిళలకు మరో రెండేళ్ల గడువు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. మహిళలు చేరడమూ ఏళ్లుగా పెరుగుతోంది. దేశంలో పీహెచ్‌డీ చేస్తున్న మహిళలు 2014-15లో 48 వేలు, 2021-22 నాటికి 99 వేలకు చేరారు. మొత్తం పీహెచ్‌డీ విద్యార్థులు 1.17 లక్షల నుంచి 2.12 లక్షలకు పెరిగారు. చేరేవాళ్లు ఇంతగా పెరిగినా దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉండిపోయింది. 2023 చట్టంతో ఏర్పడ్డ అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50,000 కోట్లు అనుకున్నారు. అందులో ఎక్కువ భాగం ప్రైవేటు రంగం నుంచి రావాల్సినదే. ప్రైవేటు కంపెనీ ఔషధ పరిశోధనకు డబ్బు పెడుతుంది. డక్కలివారి కథకు పెట్టదు. ఆ బాధ్యత ప్రభుత్వానిదే.

ఇది భరించలేనంత భారం కూడా కాదు. జేఆర్‌ఎఫ్ లేని ఐదు వందల మంది ఫుల్‌టైమ్ పరిశోధకులకు నెలకు 20,000 ఇచ్చినా రాష్ట్రానికి ఏడాదికి 12 కోట్లు అవుతుంది. ఒక ఫ్లైఓవర్ ఖర్చులో చిన్న భాగం. ఆ డబ్బుకు బదులుగా షరతులు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. క్షేత్ర పరిశోధన తప్పనిసరి చేయాలి. సిద్ధాంత గ్రంథం ఏ భాషలో రాసినా, పది పదిహేను పేజీల తెలుగు సారాంశం శోధ్‌గంగలో పెట్టాలి. మిరప పురుగు మీద రాసిన గ్రంథం సారాంశం రైతు వేదికలో చదివి వినిపించాలి, పటం కథ మీద రాసినది ఆ కథకుడి ఇంటికి చేరాలి. నిట్, కాకతీయ, మెడికల్ కాలేజీ, జానపద పీఠం, వ్యవసాయ పరిశోధన స్థానం కలిసి ఏడాదికోసారైనా తమ స్కాలర్లను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరేం చేస్తున్నారో చెప్పించాలి. వైస్ చాన్సలర్లు, డైరెక్టర్లు ఒక ఉత్తరం రాసుకుంటే అయ్యే పని ఇది, కొత్త చట్టం అక్కర్లేదు.

2026 ఆగస్టు 19తో కాకతీయ విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్లు నిండుతాయి. స్వర్ణోత్సవం పేరిట భవనాలు, తోరణాలు, సావనీర్లు ఎలాగూ వస్తాయి. వాటికంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం రెండు ఉత్తర్వులు ఇవ్వాలి: ఖాళీ అధ్యాపక పోస్టుల భర్తీకి నోటిఫికేషన్ ఒకటి, ఫుల్‌టైమ్ పరిశోధక విద్యార్థులందరికీ నెలనెలా ఫెలోషిప్ మంజూరు చేస్తూ మరొకటి.